కష్టకాలంలో పునీత దేవసహాయం నవదినాలు: ఏం చెప్పాలి, ఎలా నడపాలి?

పల్నాడు_ఉపదేశి:

అందరికీ నమస్కారం. రెండు పల్లెలకూ కలిపి నలభై కుటుంబాలున్న చిన్న విచారణ (ఒక ఫాదర్ గారి కింద ఉండే కథోలిక సంఘం) మాది. ఈ ఏడు మిర్చికి తెగులు తగిలింది, పత్తిని వాన ముంచింది. కౌలుకి చేసినవాళ్లే ఎక్కువ. పంట పోయింది, కౌలు మాత్రం కట్టాల్సిందే. సంక్రాంతికి ముందు తొమ్మిది రోజులు పునీత దేవసహాయం గారి పేరిట నవదిన ప్రార్థనలు పెడదామని ఫాదర్ గారి ఆలోచన. నడిపే బాధ్యత ఉపదేశులకీ (ఊళ్లో ప్రార్థనలు నడిపి, బోధించేవాళ్లకీ) యువతకీ వచ్చింది.

మొదటిది, ఆయన జీవితంలో ఖాయంగా చెప్పదగ్గవి ఏవి, జనం చెప్పుకునేవి ఏవి? వాట్సాప్‌లో తిరిగే కాగితాల్లో తేదీలే ఒకదానితో ఒకటి కలవడం లేదు. రెండోది, రోజంతా చేలో పనిచేసి వచ్చినవాళ్లకి విసుగు రాకుండా సాయంత్రం ఎంతసేపు, ఏ వరసలో పెట్టాలి? మూడోది, వేదసాక్షి (విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవాళ్ల) కథ అనగానే దెబ్బలు, సంకెళ్లు, తుపాకులు వస్తాయి. చిన్నపిల్లలు కూర్చుంటారు, గుండె చెదిరిన పెద్దవాళ్లూ కూర్చుంటారు. ఎంతవరకు చెప్పాలి?

కొట్టార్_పాఠకుడు:

ఉపదేశి గారూ, మీ ఊరికి ఇంతకన్నా తగిన పునీతుడు దొరకడు. ఆయన విశ్వాసం మొదలైందే పంట నష్టంతో.

ఖాయమైనవి ముందు రాస్తాను. 1712 ఏప్రిల్ 23న నట్టాలంలో పుట్టారు. ఇప్పుడది కన్యాకుమారి జిల్లా, అప్పట్లో తిరువాన్కూరు రాజ్యం. తల్లిదండ్రులు పెట్టిన పేరు నీలకంఠన్. పద్మనాభపురంలో నీలకంఠస్వామి ఆలయంలో ఉద్యోగం చేసి, తర్వాత మార్తాండవర్మ మహారాజు కొలువులో అధికారి అయ్యారు. 1741లో కొలచెల్ దగ్గర డచ్చి కంపెనీ సైన్యం రాజు చేతిలో ఓడిపోయింది. అప్పుడు పట్టుబడ్డ దళపతి యూస్టాషియస్ డి లనాయ్. రాజు అతణ్ణి చంపలేదు, తన సైన్యానికి తర్ఫీదు ఇచ్చే పనిలో పెట్టాడు. నీలకంఠన్‌కీ అతనికీ అక్కడే స్నేహం కుదిరింది.

ఆ రోజుల్లోనే నీలకంఠన్ ఇంట పంటలు పోయాయి, పశువులు పోయాయి. మనిషి దిగులుగా ఉండటం చూసి డి లనాయ్ బైబిల్లోని యోబు కథ చెప్పాడు. మీ నవదినాలకి తలుపు ఇదే అనుకోండి. యోబు గ్రంథం మొదటి అధ్యాయం తీసి మీ రైతుల ముందు నెమ్మదిగా చదివించండి. 7000 గొర్రెలు, 3000 ఒంటెలు, 500 జతల ఎడ్లు, 500 గాడిదలు ఉన్న మనిషి. మొదటి కబురు ఎడ్ల గురించే వస్తుంది: అరకలు కట్టి దున్నుతుండగా దోపిడిగాళ్లు మీదపడి తోలుకుపోయారని. ఒకడు చెప్పడం పూర్తికాక ముందే ఇంకొకడు వస్తాడు. అలా నలుగురు. వరసగా దెబ్బ మీద దెబ్బ తిన్నవాళ్లకి ఆ అధ్యాయానికి వ్యాఖ్యానం అక్కర్లేదు.

1745 మే 14న వడక్కన్‌కుళం తిరుకుటుంబ దేవాలయంలో యేసుసభ గురువు బుత్తారి గారి చేతుల మీదుగా జ్ఞానస్నానం పొందారు. అప్పటికి 33 ఏళ్లు. పెట్టిన పేరు లాజరు. ఆ పేరుకి అర్థం దేవుడే సహాయం. తమిళంలో అదే దేవసహాయం అయింది. మన పల్లెల్లో ఎంతమంది తాతలకి ఈ పేరుందో లెక్కపెట్టమని పిల్లలకి చెప్పండి, ఆయన వాళ్లకి వెంటనే దగ్గరవుతారు. భార్య భార్గవి అమ్మాళ్ కూడా జ్ఞానస్నానం తీసుకుని జ్ఞానపూ అమ్మాళ్ అయ్యారు.

కులం ఏదైనా మనుషులంతా సమానమని చెప్పడం, తక్కువవాళ్లుగా చూసినవాళ్లతో కలిసిమెలిసి ఉండటం పెద్దకులాలవాళ్లకి కోపం తెప్పించింది. 1749 ఫిబ్రవరి 23న నిర్బంధించారు. మోపిన నేరాల్లో రాజద్రోహం కూడా ఉంది. 1752 జనవరి 14న ఆరల్వాయ్‌మొళి దగ్గర కాట్రాడిమలై మీద కాల్చి చంపారు. వయసు 39. అవశేషాలు కొట్టార్‌లో పునీత ఫ్రాన్సిస్ శౌరి దేవాలయంలో ఉన్నాయి. 1756లోనే, అంటే చనిపోయిన నాలుగేళ్లకే, కొచ్చిన్ పీఠాధిపతి రోముకు పంపిన నివేదికలో ఈయన మరణం గురించి రాశారు. 2012 డిసెంబర్ 2న నాగర్‌కోయిల్‌లో ధన్యుడిగా (పునీతుడు కావడానికి ముందు మెట్టు), 2022 మే 15న రోములో పోప్ ఫ్రాన్సిస్ పునీతుడిగా ప్రకటించారు. గురువూ మఠవాసీ కాని ఒక భారతీయ గృహస్థుడికి ఆ గౌరవం దక్కడం అదే మొదలు. పునీతుడిగా ప్రకటించే నాటికి పేరు చివర కులం మాట తీసేశారు. మీ బ్యానర్ మీద కూడా 'పునీత దేవసహాయం' అని మాత్రమే వేయించండి. పాత కాగితాల్లోంచి ఆ తోక మళ్లీ ఎక్కిపోతూ ఉంటుంది.

ఇక సంప్రదాయంగా చెప్పుకునేవి: పులియూర్‌కురిచ్చిలో దాహంతో మోచేత్తో బండను తడితే నీళ్లు ఊరాయని, పెరువిళైలో ఆయన్ని కట్టేసిన ఎండు వేప చిగురించిందని, కాట్రాడిమలై మీద ఒక బండ గంటలా మోగిందని. మూడుచోట్లా జనం భక్తితో వెళ్తారు. వీటిని చెప్పొద్దని కాదు. 'అక్కడివాళ్లు తరతరాలుగా ఇలా చెప్పుకుంటారు' అనే ఒక్క మాట ముందు పెట్టి చెప్పండి, చాలు. పెద్ద చదువులు చదువుతున్న పిల్లలు కూడా అప్పుడు తలదించుకోకుండా వింటారు.

దైవార్చన_బల్ల:

తేదీల సంగతి ముందు చూసుకోండి, చాలాచోట్ల గందరగోళం అక్కడే. స్మరణ జనవరి 14. నవదినాలు 5వ తేదీన మొదలై 13న ముగుస్తాయి, 14న పూజ. 5న మొదలుపెట్టి 14ని తొమ్మిదో రోజుగా లెక్కేసేవాళ్లున్నారు. అప్పుడు పది అవుతుంది, చివరి రెండు రోజులకి పాఠాలు కలిసిపోతాయి.

మన దేశంలో ముగ్గురు జ్ఞానుల పండుగ 2 నుంచి 8 మధ్య వచ్చే ఆదివారం జరుపుతాం, కాబట్టి అది ఈ తొమ్మిది రోజుల్లో పడొచ్చు. ఆ ఆదివారం పూజలో పండుగ పాఠాలే చదవాలి. నవదిన ప్రార్థన సాయంత్రం విడిగా ఉంటుంది. జనవరి 14 ఆదివారమైతే ఆ ఏడాది స్మరణ ఆదివార పూజ కింద మరుగైపోతుంది. 2024లో అలాగే జరిగింది, మళ్లీ 2029లో వస్తుంది. మనకు 14 కొన్నేళ్లు భోగి, కొన్నేళ్లు సంక్రాంతి. తెల్లవారుజామున భోగి మంటలు, తర్వాత పిండివంటలు, ఊళ్లకి ప్రయాణాలు. ఉదయం పూజ పెడితే సగం మంది రారు. సాయంత్రం 5 గంటలకి పెట్టమని ఫాదర్ గారిని అడగండి. ఎర్ర పూజావస్త్రాలు సిద్ధంగా ఉన్నాయో లేదో వారం ముందే చూడండి. సబ్‌స్టేషన్ (విచారణ కింది పల్లె గుడి) బీరువాల్లో తెలుపు, ఆకుపచ్చ ఉంటాయి, ఎరుపు ఒక్కటే విచారణ గుడిలో ఉండిపోతుంది.

సాయంత్రం ప్రార్థన 35 నిమిషాలు దాటనివ్వకండి. మిర్చి కోతల రోజులు కాబట్టి 7 గంటలకి మొదలు. ఒక్క పాట, నాలుగు నిమిషాలు. పాఠం మూడు నిమిషాలు. పునీతుడి జీవితంలోంచి ఒక్క ముక్క, ఐదు నిమిషాలు, చేతిరాతలో ఒకటిన్నర పేజీకి మించకుండా. తర్వాత మూడు నిమిషాలు నిశ్శబ్దం. ఇది తప్పకుండా గడియారం చూసి పాటించాలి, ఎందుకంటే నడిపేవాళ్లకి నిశ్శబ్దం భయం, అరనిమిషానికే ఎవరో పాట ఎత్తుకుంటారు. ఆపైన జపమాలలో ఒక్క పదం: ఒక పరలోక జపం, పది మంగళవార్త జపాలు, ఒక త్రిత్వ స్తోత్రం, ఐదు నిమిషాలు. విన్నపాలు ఆరు నిమిషాలు. నవదిన ప్రార్థన, దీవెన, ఇంటికి.

సమయం తినేది విన్నపాలే. అందర్నీ చెప్పమంటే ఇరవై నిమిషాలు పోతుంది, పైగా ఒకరి బాధ ఇంకొకరి నోట ఊరంతా తెలిసిపోతుంది. చీటీల మీద రాయించి గట్టిగా చదివితే ఇంకా ప్రమాదం: ఎవరి అప్పు ఎంతో దస్తూరీ చూసి పోల్చేస్తారు. మూతకి తాళం ఉన్న పెట్టె ఒకటి పీఠం దగ్గర పెట్టండి. చీటీలు మడిచి అందులో వేస్తారు, ఎవరూ తెరవరు, 14న పూజలో కానుకలతో పాటు పీఠం దగ్గరికి తెచ్చి తర్వాత కాల్చేస్తారు. ఆ సంగతి మొదటి రోజే చెప్పండి, అప్పుడే నిజమైనవి రాస్తారు. నోటితో చెప్పే విన్నపాలు రోజుకి ఐదుగురు, ఒక్కొక్కరు ఒక్క వాక్యం.

నవదిన ప్రార్థన కొత్తగా మీరే రాస్తే అచ్చు వేయించే ముందు ఫాదర్ గారి ద్వారా మేత్రాసనానికి (పీఠాధిపతి కార్యాలయానికి) పంపి అనుమతి తీసుకోండి. మాట వాడకంలో ఒక జాగ్రత్త: ఆయన్ని పూజిస్తున్నాం అని రాయొద్దు. పూజ దేవుడికే. 'మాకోసం ప్రార్థించండి' అని పునీతుణ్ణి వేడుకుంటాం. తిరుశేషం (పునీతుడి అవశేషం) ఎవరైనా ఇస్తామంటే దాంతోపాటు పీఠాధికారుల ధ్రువపత్రం, చెక్కుచెదరని ముద్ర ఉంటేనే బయట పెట్టాలి, లేకపోతే పటం చాలు. పటంలో చేతులకి సంకెళ్లు ఉంటాయి, దాన్ని బట్టే గుర్తుపట్టొచ్చు.

పాఠాల వరస ఇలా పెట్టుకోవచ్చు. మొదటి రోజు యోబు 1:13–22. రెండో రోజు యోబు 2:11–13: స్నేహితులు వచ్చి ఏడు రోజులు నేలమీద కూర్చుని ఒక్క మాటా మాట్లాడని చోటు. ఆ రోజు చేయాల్సిన పని కూడా అందులోనే ఉంది. ఇద్దరిద్దరుగా జట్లు కట్టి, నష్టపోయిన ఇంటికి వెళ్లి పావుగంట కూర్చుని రావాలి, సలహా ఇవ్వకూడదు. మూడో రోజు యోబు 3:20–26. నాలుగో రోజు యోహాను 11లో లాజరు, అదే పునీతుడి పేరు కాబట్టి ఆ రోజు జ్ఞానస్నాన వాగ్దానాలు తిరిగి పలికించండి. ఐదో రోజు రూతు 1:16–17, జ్ఞానపూ అమ్మాళ్ జ్ఞాపకంగా. ఆమె భర్త పోయాక కూడా వడక్కన్‌కుళంలోనే బతికి 1766లో అక్కడే కన్నుమూశారు. ఆయన నిర్బంధంలో ఉన్న దాదాపు మూడేళ్లూ ఇంట్లో ఏం జరిగి ఉంటుందో ఎవరూ ఆలోచించరు. ఆ రోజు ప్రార్థన మొత్తం స్త్రీలు నడపాలి, పాఠం కూడా స్త్రీయే చదవాలి. ఆరో రోజు అపోస్తలుల చర్యలు 16:22–34, చెరసాలలో అర్ధరాత్రి పౌలు, సీలల పాట. ఏడో రోజు 2 కొరింతీ 4:7–10, మట్టికుండల్లో నిధి. ఎనిమిదో రోజు అపోస్తలుల చర్యలు 7:54–60, క్షమ. ఆ సాయంత్రం పాపసంకీర్తనానికి (పాపాలు ఒప్పుకోవడానికి) ఫాదర్ గారు రాగలిగితే మంచిది. తొమ్మిదో రోజు యోబు 42:7–10. 14న సువిశేషం యోహాను 12:24–26, గోధుమ గింజ. అది ఫాదర్ గారు ఖరారు చేయాలి.

పల్నాడు_ఉపదేశి:

ఇద్దరికీ చాలా కృతజ్ఞతలు. యోబు దగ్గర మొదలుపెట్టాలన్నది తట్టనే లేదు. రెండు సందేహాలు. యోబు 3 చదివించడం భారం కాదా? అందులో తాను పుట్టిన రోజునే శపించుకుంటాడు. ఇంకోటి, 'దేవసహాయం గారు అంత భరించారు, మనం ఈ మాత్రం భరించలేమా' అని చెప్పేవాళ్లు మా దగ్గర ఇద్దరు ముగ్గురున్నారు. ధైర్యం కోసమే అంటారు, కానీ వినేవాళ్లు ఇంకా కుంగిపోతారేమోనని భయం.

ఆలన:

మీ భయం సరైనదే అన్నా. ఆ వాక్యం పలకనివ్వకండి. అది విన్న మనిషికి రెండు భారాలవుతాయి: ఉన్న కష్టం ఒకటి, దాన్ని భరించలేకపోతున్నానన్న సిగ్గు ఒకటి. ఇప్పటికే రాత్రి నిద్రలేని మనిషికి ఆ సిగ్గే ప్రాణాంతకం.

యోబు 3 తీసేయొద్దు. చాలామంది 'యెహోవా ఇచ్చెను, యెహోవా తీసికొనెను' దగ్గర ఆపేసి యోబు నోరు మెదపలేదని చెబుతారు. 3వ అధ్యాయం నుంచి ఆయన ఆగకుండా మాట్లాడతాడు, అరుస్తాడు, దేవుణ్ణే నిలదీస్తాడు. చివర 42:7లో దేవుడు ఎవర్ని తప్పుపట్టాడో చూడండి: నీతులు చెప్పిన స్నేహితుల్ని. నా సేవకుడు యోబులా మీరు నన్ను గురించి సరిగా మాట్లాడలేదు అంటాడు. అందుకే మూడో రోజు, తొమ్మిదో రోజు పాఠాలు విడదీయకూడదు. ఒకటి తీసేస్తే రెండోదానికి అర్థం పోతుంది. అక్కడే ఇంకొకటుంది. 42:10లో యోబు తన స్నేహితుల కోసం ప్రార్థించాకే ఆయన స్థితి మారుతుంది. మూడో రోజు నడిపేవాళ్లు పాఠం తర్వాత ఒకే మాట చెప్పాలి: 'బాధ దేవుడితో చెప్పుకోవడం అవిశ్వాసం కాదు.' ఆ తర్వాత నిశ్శబ్దం.

వేదసాక్షి ధైర్యం గురించి తిరుసభ బోధ కూడా స్పష్టమే. బాధను వెతుక్కుంటూ పోవడం సాక్ష్యం కాదు. తప్పించుకునే దారి ఉంటే తప్పించుకోవచ్చు, క్రీస్తే ఒక ఊళ్లో హింసిస్తే ఇంకో ఊరికి పారిపొమ్మన్నాడు (మత్తయి 10:23). దేవసహాయం గారు వదులుకోనిది విశ్వాసం ఒక్కటే. అందువల్ల భర్త కొడుతుంటే ఓర్చుకో అనీ, వడ్డీవాడు దోచుకుంటుంటే భరించు అనీ చెప్పడానికి ఈ కథ వాడకూడదు. అలా వాడే ప్రమాదం మన దగ్గర ఎక్కువ, ముఖ్యంగా ఐదో రోజు. రూతు చదివిన రోజున ఆ మాట ఎవరైనా కలిపితే మొత్తం చెడిపోతుంది.

మరి ఆయన్నుంచి తీసుకునే ధైర్యం ఏది? 1749 ఫిబ్రవరి నుంచి 1752 జనవరి దాకా నెలలు లెక్కపెట్టండి, ముప్పైనాలుగు పైచిలుకు. చివరి రోజు తుపాకి ముందు నిలబడటం నిమిషాల పని. ముందున్న ఆ ముప్పైనాలుగు నెలలు ఒక్కో రోజుగా గడిచాయి. ఊరికీ ఊరికీ నడిపించారు, చెట్టుకి కట్టారు, ఎండకీ వానకీ వదిలేశారు. ఆ మధ్యలోనే తన దగ్గరికి వచ్చినవాళ్లని ఓదార్చాడని చెబుతారు. మీవాళ్లకి కావలసింది ఈ రోజువారీ ధైర్యమే: ఈ రోజు లేవడం, ఈ రోజు అన్నం తినడం, ఈ రోజు ఒక మనిషితో మాట్లాడటం. ఆయన దానికి ఒంటరిగా రాలేదు కూడా. కష్టంలో డి లనాయ్ అడిగాడు, బుత్తారి గారు నేర్పారు, భార్య తోడు నిలిచింది.

పిల్లల సంగతికి వస్తే, దెబ్బల లెక్కలు, గాయాల మీద కారం వగైరా పదేళ్లలోపు వాళ్లకి వద్దు. దున్నపోతు మీద వెనక్కి తిప్పి కూర్చోబెట్టి, మెడలో ఎరుక్కం పూల దండ వేసి ఊరేగించారన్న ముక్క చెప్పండి. ఎరుక్కం అంటే మన జిల్లేడే. గట్టు మీద తెంపితే పాలు కారే ఆ చెట్టు పిల్లలందరికీ తెలుసు. నలుగురిలో నవ్వులపాలు కావడం ఎలా ఉంటుందో బడికి వెళ్లే పిల్లలకి బాగా తెలుసు కాబట్టి అక్కడే వాళ్లు ఆయనతో కలుస్తారు. పెద్దవాళ్లకి కూడా మరణం గురించి రెండు వాక్యాలు చాలు. నెత్తురు వర్ణిస్తే జనం ఏడుస్తారు కానీ ఇంటికి ఏమీ పట్టుకెళ్లరు.

చివరిగా ఒకటి, ఇది ప్రార్థనతో సమానంగా చూడండి. ఎవరైనా 'నేను లేకపోతే ఇంట్లోవాళ్లకి బీమా డబ్బులైనా వస్తాయి' అన్నా, అప్పుల కాగితాలన్నీ ఒకచోట సర్దిపెట్టినా, ఉన్నట్టుండి అందరికీ వీడ్కోలులా మాట్లాడినా, పురుగుమందు ఇంట్లోంచి తీయించి వేరేచోట పెట్టించండి, ఆ మనిషిని ఆ రాత్రి ఒంటరిగా వదలొద్దు. టెలి మానస్ 14416 కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. ఆ నంబరు నవదినాల కాగితం వెనక పెద్ద అక్షరాల్లో వేయించండి. అప్పులవాళ్లు బెదిరిస్తుంటే మండల న్యాయ సేవల కమిటీ దగ్గర ఉచితంగా లాయర్ని అడగొచ్చు. ఎస్సీ, ఎస్టీలకీ స్త్రీలకీ ఆదాయం ఎంతని చూడకుండానే ఇస్తారు.

కొట్టార్_పాఠకుడు:

ఆలన గారు చెప్పినదానికి ఒక ముక్క కలుపుతాను. ఊళ్లో మిగతావాళ్లు కూడా మైకులో వింటారు కాబట్టి ఇది అవసరం. దీన్ని ఒక మతం మీద ఇంకో మతం ఫిర్యాదులా చెప్పొద్దు. డి లనాయ్ కూడా కథోలికుడే. అతను అదే తిరువాన్కూరు రాజ్యంలో సేనానిగా దశాబ్దాలు పనిచేసి 1777లో చనిపోయాడు. ఉదయగిరి కోటలో సమాధి ఇప్పటికీ ఉంది. ఒకే కొలువులో ఒక కథోలికుడికి సేనాధిపత్యం, ఇంకొకరికి మరణశిక్ష. కులం గీత దాటి సమానత్వం మాట్లాడిన స్థానిక అధికారి కావడమే దేవసహాయం గారి మీదికి వచ్చింది. ఈ తేడా చెబితే కథ నిజానికి దగ్గరగా ఉంటుంది, ఊళ్లో ఎవరి మనసూ నొప్పించదు. కులం మాట వచ్చింది కాబట్టి, ఎనిమిదో రోజు క్షమ గురించి చెప్పేటప్పుడు మన విచారణల్లోనే కూర్చునే చోటు దగ్గర, శ్మశానం దగ్గర కులం ఇంకా ఎక్కడ ఉందో పెద్దలు ఒకసారి చూసుకోవాలి. ఆయన పేరు చెప్పుకుంటూ దాన్ని వదిలేయడం కుదరదు.

మైకు రాత్రి 10 దాటాక నిషేధం. 35 నిమిషాల కార్యక్రమానికి నలభై కుటుంబాలకి నిజానికి మైకే అక్కర్లేదు.

తోవ_తెలిసినవాడు:

యాత్ర గురించి ఎవరూ అడగలేదు కానీ నవదినాలు అవగానే ఆ మాట వస్తుంది, అందుకని. ఈ ఏడు ఊరంతా బస్సు కట్టించుకుని వెళ్లొద్దు. పంట పోయిన ఏడు మనిషికి నాలుగైదు వేలు పెట్టించడం న్యాయం కాదు, రాలేనివాళ్లు చిన్నబుచ్చుకుంటారు. వచ్చే ఏడుకి చూసుకోండి.

వెళ్లేటప్పుడు నాగర్‌కోయిల్ జంక్షన్‌ దాకా రైలు. కొట్టార్ దేవాలయం పట్టణంలోనే. ముందు అక్కడ సమాధి దగ్గర ప్రార్థించి, మర్నాడు పొద్దున్నే తిరునెల్వేలి రోడ్డులో ఆరల్వాయ్‌మొళికి బస్సు పట్టుకోవాలి. పేరులోనే గాలి ఉంది కాట్రాడిమలైకి. ఆ కనుమలో గాలి వదలకుండా వీస్తుంది, చుట్టూ గాలిమరలు కనిపిస్తాయి. పైన కొవ్వొత్తి నిలవదు, గాజు చిమ్నీ ఉన్నది పట్టుకెళ్లండి. ఎండ ముదరకముందే ఎక్కి దిగాలి. వడక్కన్‌కుళం అక్కణ్ణుంచి తూర్పుగా, తిరునెల్వేలి జిల్లాలో. రెండో రోజు తిరువనంతపురం రోడ్డు వైపు: పులియూర్‌కురిచ్చి, దానికి ఆనుకునే డి లనాయ్ సమాధి ఉన్న ఉదయగిరి కోట, దగ్గర్లోనే పద్మనాభపురం రాజభవనం (సోమవారం మూసి ఉంటుంది), ఇంకొంచెం ముందుకెళ్తే నట్టాలం. పూజలు తమిళంలో ఉంటాయి. జనవరి 14కి జనం విపరీతం, వృద్ధులతో వెళ్లేవాళ్లు ఫిబ్రవరి చూసుకుంటే నెమ్మదిగా నిలబడి ప్రార్థించుకోవచ్చు.

దైవార్చన_బల్ల:

ఖర్చు మాట వచ్చింది కాబట్టి ముగింపు రోజు భోజనాల సంగతి. నవదినాలకి ఇంటికింత అని చందా వేసి బిర్యానీ పెట్టడం అలవాటు. ఈ ఏడు మానేయండి. 14 సాయంత్రం పూజ తర్వాత ప్రతి ఇంటి నుంచి పండక్కి వండుకున్నదే ఒక గిన్నె తెచ్చి అందరూ కలిసి తింటే చాలు. వండుకోలేని ఇల్లు ఏదో రెండో రోజు వెళ్లిన జట్లకి తెలిసే ఉంటుంది. ఆ ఇళ్లకి బియ్యం, పప్పు, నూనె 13 రాత్రే, ఎవరూ చూడకుండా చేరాలి. పీఠం ముందు పిలిచి ఫోటో తీసి ఇవ్వొద్దు.

'తొమ్మిది రోజులూ తప్పకుండా వస్తే కోరిక తీరుతుంది' అని ఎక్కడా అచ్చు వేయకండి. ఒక రోజు మానినవాళ్లు నా వల్లే చెడిందనుకుంటారు. రాలేని రోజు ఇంట్లో ఆ పాఠం చదువుకుని ఒక పదం జపమాల చెప్పుకుంటే సరిపోతుందని కాగితం మీదే రాయండి. చదువురాని పెద్దవాళ్లకి పాఠాన్ని యువత ఫోన్‌లో రికార్డు చేసి మధ్యాహ్నమే గ్రూపులో పెట్టొచ్చు.

పల్నాడు_ఉపదేశి:

అలాగే చేస్తాం. తాళం పెట్టె, మధ్యాహ్నం రికార్డింగు యువత చూసుకుంటుంది, ఐదో రోజు పాఠానికి ఇద్దరు అమ్మలు ఒప్పుకున్నారు. ఎర్ర వస్త్రాలు నిజంగానే విచారణ గుడిలో ఉన్నాయి, ఆదివారం తెప్పిస్తున్నాం. కాగితం ఒక పక్క యోబు 42, ఇంకో పక్క 14416 అని రాసి ఫాదర్ గారికి పంపించాను.